కరెంటు కారుకీ చెవి కావాలి

ఆటోనగర్‌లో నాకో కార్ల షెడ్డుంది. ఏడో క్లాసులోనే బడి నన్ను వదిలించుకుంది గానీ, స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే ఏ కారు రోగమైనా చెప్పేస్తాను.

ఆ రోజు ఉయ్యూరు నుంచి బస్సులో వస్తూ ఫోన్లో కార్ల పందెం చూస్తున్నాను. చప్పుడు లేని కరెంటు స్పోర్ట్స్ కారు, గర్జించే పెట్రోలు కారును చిత్తుగా ఓడించింది.

“ఈ కారుకి ఇంజనే లేదండీ. ఇంజను విని రోగం చెప్పే నా చెవులు ఇక కళ్ళజోడు తగిలించుకోడానికే,” అన్నాను ఫోను చూపిస్తూ, పక్కన చీరల మూటతో కూర్చున్న పెద్దావిడతో.

ఆవిడ నవ్వలేదు. “నేను మగ్గం నేస్తాను బాబూ. చప్పుడు మారితే పోగు తెగిందని చూడకుండానే చెప్తా. ఆ కారుకి చక్రాలు తిరగవా?”

“తిరుగుతాయండీ.”

“తిరిగేది అరుగుద్ది. అరిగేది మూలుగుద్ది. ఇంజను గోల లేకపోతే ఇంకా బాగా వినపడుద్ది కదా!”

ఆవిడ కంకిపాడులో దిగిపోయింది. నేను పేరైనా అడగలేదు.

మొన్న ఒకాయన, బండి వణుకుతోందని కరెంటు స్పోర్ట్స్ కారు తెచ్చాడు. నేను జాకీతో బండెత్తి స్క్రూడ్రైవర్ తీస్తే పకపకా నవ్వాడు.

“ఇంజనే లేదు కదయ్యా, ఏం వింటావ్?”

“మీరు నవ్వు ఆపితే, చక్రం బేరింగు ఏమని మొత్తుకుంటోందో వింటానండీ,” అన్నాను.