కళ్ళంలో వడ్లు ఎవరివని అడగలేదు

నాలుగు పంటలుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ముత్తుకూరు దగ్గర రేవులో, బియ్యం ఓడలకు కాగితాలు సిద్ధం చేసే గుమస్తాను నేను. మా పొలం ఇందుకూరుపేట వైపు, కాలువ చివర ఉండేది. మాకు పైన పెంచలయ్య పొలం. వరసగా మూడేళ్లు అతను కాలువకు అడ్డంగా మట్టికట్ట వేసి మా నీళ్లు ఆపాడు. మా నారు ఎండిపోయింది. నాన్న సేద్యం మానేసి రొయ్యల గుంటలకు కాపలా వెళ్లాడు. ఆ రోజే అనుకున్నాను, ఇతని కడుపు మండే రోజు నేను చూడాలని.

ఆ రోజు రానే వచ్చింది. ప్రభుత్వం బియ్యం ఎగుమతి ఆపేస్తోంది, ఎక్కించగలిగినంత ఈ రెండు రోజుల్లో ఎక్కించేయండని మా ఆఫీసుకు కబురు వచ్చింది. ఓడ ఆగితే బియ్యం ఇక్కడే ఉండిపోతుంది, పట్నంలో కొనేవాళ్లకు చవక, వడ్లు అమ్మేవాడికి దెబ్బ. ఆ మధ్యాహ్నమే పెంచలయ్య ఫోన్ చేశాడు.

"ఏం అబ్బయ్యా, రేవులో ఉండావు గదా. కళ్ళంలో వడ్లుండాయి. ఇప్పుడు అమ్మేదా, ఆగేదా?"

"ఆగు మామా. ఇంకా రెండు ఓడలు వస్తుండాయి. తొందరపడబాక."

మామా అని కూడా అన్నాను. ఎంత తియ్యగా అన్నానో! ఫోన్ పెట్టేసి, చాలా రోజుల తర్వాత అన్నం కడుపునిండా తిన్నాను.

ఓడలు ఆగాయి. వ్యాపారులు మొహం చాటేశారు. ఆ పైన వారం రోజులు వాన. అతని ఏడుపు చూడాలని ఆదివారం పనిగట్టుకుని వెళ్లాను.

కళ్ళంలో పెంచలయ్య లేడు. మా ఊరి మరియమ్మక్క ఉంది. మొలకలొచ్చిన వడ్లను కాళ్లతో తిరగేస్తోంది. ఆ ఏడు పెంచలయ్య తన పొలం ఆమెకు కౌలుకిచ్చాడట. కౌలు బస్తాలు కోత రోజే కళ్ళంలో కొలిపించుకుని, మంచి ధరకు అమ్మేసుకున్నాడట. మిగిలిన ఆమె రాశి గురించే, ఆమె కనుక్కోమంటే నన్ను అడిగాడు. మా నారు ఎండిన ఏడు తన నారుమడిలోంచి కట్టలు పీకి మా నాన్న చేతిలో పెట్టింది ఈ అక్కే.

"పైనోళ్లు ఓడలు ఆపేస్తే నువ్వేం చేస్తావబ్బయ్యా? మంచికే చెప్పినావు గదా" అంది.

నేను తలూపాను. ఆమెతో కలిసి ప్రభుత్వాన్ని తిట్టాను కూడా. ఊరంతా తిడుతోంది, నా గొంతు అందులో కలిసిపోయింది. ఆ ఉత్తర్వు వెయ్యిమందిని ముంచి ఉండవచ్చు. కానీ ఆమెను ముంచింది ఉత్తర్వా, నేనా? ఆ రెండు రోజుల్లో అమ్ముకుని ఉంటే ఆమె గట్టెక్కేది. ఇప్పుడు కౌలు వదిలేసి రొయ్యల కంపెనీలో తలలు తీస్తోంది. ఐసు నీళ్లకు చేతులు ఒరిసిపోయాయి. దారిలో కనబడితే నాన్న ఎట్టుండాడని అడుగుతుంది.

ఆమెకు చెప్పే ధైర్యం లేదు. ఇక్కడ రాశాక మాత్రం గుండె కొంచెం తేలికైంది, ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలిసినా.

పశ్చాత్తాపం అంతా ఆమె విషయంలోనే. పెంచలయ్య మీద కక్ష ఇసుమంతైనా తగ్గలేదు. రేపు మళ్లీ ఫోన్ చేసి అడిగితే మళ్లీ ఆగమనే చెబుతాను. కాకపోతే ముందు, ఆ వడ్లు ఎవరివని అడుగుతాను.