గుడ్డ పట్టి ఇంజన్ చూసినాయన

మా సడ్డకుడు పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను సాంచె కింద, అదే మరమగ్గం కింద, పడుకుని బోల్టు బిగిస్తున్నాను. సడ్డకుడంటే తోడల్లుడు, నా భార్య అక్క మొగుడు. వడోద్ బస్తీలో వాళ్లింట్లోనే టీ తాగుతూ ఒరిగిపోయాడట, గుండె ఆగి. నా భార్య ఫోన్లో వెక్కి వెక్కి ఏడుస్తోంది. అప్పుడు నాకు మొదట ఏమనిపించిందో చెబితే మీరు ఛీ అంటారు. "అరెరే, పందెం తేలకుండానే పోయాడే!" అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. రావడమైతే బాగానే వచ్చింది.

ఆయనంటే నాకు కుళ్లు. చచ్చినవాళ్ల గురించి ఇలా రాయకూడదంటారు గానీ, కుళ్లు తీసేస్తే ఆయన గురించి నాకు తెలిసింది సగం కూడా మిగలదు. నేను సాంచెలు బాగుచేసే మిస్త్రీని. ఆయన గుడ్డ చూసే మనిషి. నేసి దించిన తాన్లు బల్ల మీద పరిచి, పోగు ఎక్కడ తెగింది, నూనె మరక ఎక్కడ పడింది అని చూసి పక్కన పెట్టడం ఆయన పని. పానా సరిగ్గా పట్టడం కూడా రాదు. అయినా సరే, మా వాళ్లలో ఎవరి బండి పొగ వదిలినా ఆయన తలుపే కొట్టేవారు. మిస్త్రీని నేను బతికే ఉన్నాను కదా అని ఒక్కడికీ తోచేది కాదు.

ఇంకోటి, ఆయన తెల్ల అంగీ. ఎన్ని ఇంజన్ల ముందు కూర్చున్నా దాని మీద మరక ఉండేది కాదు. నా అంగీలన్నీ చూడండి, కొన్న వారానికే నూనె. మా ఆవిడ ఉతుకుతూ ఉతుకుతూ "బావ అంగీలు గిట్లుంటయా?" అనేది. ఆ మాటకు నాకు అన్నం సయించేది కాదు.

ఒకసారి నా బండికే వచ్చింది రోగం. ఇంజన్లో ఆయిల్ పోస్తాను, కొన్నాళ్లకే తగ్గిపోతుంది. కింద ఒక్క చుక్క పడదు. జాయింట్లన్నీ తుడిచి చూశాను, ఎక్కడా తడి లేదు. అంటే లోపలే కారి, పెట్రోలుతో కలిసి కాలిపోతోంది. పిస్టన్ రింగులు అరిగాయి, ఇంజన్ మొత్తం విప్పాల్సిందేనని తేల్చేశాను. సెలవు రోజు పానాలన్నీ పరుచుకుని కూర్చున్నానో లేదో, మా సడ్డకుడు దిగాడు. మా ఆవిడే పిలిచింది, ఇంకెవరు పిలుస్తారు?

"తమ్మీ, ముందుగాల సూద్దాం. పానా యాడికి పోతది?" అన్నాడు.

ఆ మాట ఎప్పుడూ ఆయన నోట్లోనే ఉండేది. భుజం మీద నుంచి రంగు వేయని తెల్ల గుడ్డ ముక్క తీశాడు. చల్లారి ఉన్న బండిని నన్ను స్టార్ట్ చేయమని, సైలెన్సర్ వెనక గుడ్డ పట్టి కూర్చున్నాడు. మొదటి పొగకు గుడ్డ మీద నూనె మరక పడింది. గుడ్డ జరిపి మళ్లీ పట్టాడు. "జర రేస్ ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. ఈసారి గుడ్డ శుభ్రంగా ఉంది. తాను మీద మరకను చూసినట్టే దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"రింగులైతే రేస్ ఇచ్చినంతసేపు పడాలె. గిది బండి నిలవడ్డప్పుడు పైకెల్లి దిగిన నూనె. వాల్వుల సీల్సు పోయినయి, గంతే."

నేను ఒప్పుకోలేదు. ఆయన నాచేత ప్లగ్గు ఊడదీయించి, ఆ బెజ్జంలోంచి చెంచాడు ఆయిల్ పోయించి, మళ్లీ ప్లగ్గు బిగించి కిక్ కొట్టమన్నాడు. రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందు మూసి కిక్ గట్టిపడాలి. పడలేదు. ఎప్పటిలాగే ఉంది. సీల్సు మార్చాను, పొగ ఆగింది.

మా అత్తమ్మ ఊరుకుంటుందా? పండక్కి పదిమంది కూర్చున్న చోట, "పెద్దల్లుడు గుడ్డ వట్టి చెప్పిండు, చిన్నల్లుడు పానా వట్టి గూడ చెప్పకపాయె" అంది. అందరూ నవ్వారు. ఆయన మాత్రం "విప్పి మళ్ల పెట్టింది తమ్ముడే గదా అత్తమ్మా" అన్నాడు. ఆ మంచితనం చూస్తే ఇంకా మండింది. కాస్త ఎగిరి ఉంటే నాకూ తిట్టుకోవడానికి వీలుండేది.

మొన్నటి పందెం ఆయన సొంత బండి మీద. నీలం పొగ వస్తోంది. ఆయన సీల్సు అన్నాడు, నేను రింగులన్నాను. తన బండి కాబట్టి ముద్దు చేసి చిన్న రోగమే చెబుతున్నాడని నా అనుమానం. ఓడినవాడు అత్తమ్మ ముందు నిలబడి "నువ్వు చెప్పిందే రైటు" అనాలి. నాకు కావలసింది ఆ ఒక్క మాట. వచ్చే ఆదివారం గుడ్డ పట్టి చూద్దామనుకున్నాం. ఆ ఆదివారం ఆయన లేడు.

కర్మకాండలన్నీ అయ్యాక ఆయన భార్య, మా వదిన, కబురు చేసింది. బిడ్డ కాలేజీకి ఆ బండి తీసుకుపోతానంటోందట, ఒకసారి చూడమంది. వెళ్లాను. తెల్ల గుడ్డ పట్టుకుని సైలెన్సర్ వెనక కూర్చుని, ఆయన పక్కనే ఉన్నట్టు "జర రేస్ ఇయ్యన్నా" అనబోయాను. ఎప్పుడూ గుడ్డ పట్టింది ఆయన, రేస్ ఇచ్చింది నేను.

"నేనిస్త తియ్యి, తమ్మీ. మొన్న ఆయనకు ఇచ్చింది గూడ నేనే" అంది వదిన.

రేస్ ఇచ్చినంతసేపూ గుడ్డ మీద నూనె పడుతూనే ఉంది. ప్లగ్గు తీసి చెంచాడు ఆయిల్ పోసి, బిగించి కిక్ కొట్టాను. కాలికి ఎదురు తిరిగేంత గట్టిపడింది. రింగులే. నేను చెప్పిందే. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన తప్పు, నేను రైటు. కానీ వినాల్సిన మనిషి లేడు.

వదిన వైపు తిరిగి, "మొన్న రేస్ ఇచ్చిన అంటివి, ఎప్పుడు?" అని అడిగాను.

"పోయే ముందటి రోజే. గిట్లనే గుడ్డ వట్టి, నూనె వోసి సూసిండు. 'తమ్ముడే గెలిసిండు, ఇప్పుడే చెప్పకు, ఎగురుతడు' అని నవ్విండు. తెల్ల అంగీ ఇస్త్రీ చెయ్యమన్నడు. 'అత్తమ్మ ముందట ఓడిపోనీకి పోవాలె గదా, జర మంచిగ పోత' అన్నడు."

చూశారా ఆయన పద్ధతి? నేను గెలిచిన ఆ ఒక్కసారి కూడా నాకంటే ముందు ఆయనకే తెలిసింది. కోపంతో గుడ్డ నేలకేసి కొట్టాను. ఓడిపోవడానికి కూడా ఇస్త్రీ అంగీ వేసుకునే మనిషిని ఎవడైనా ఎట్లా గెలుస్తాడండీ?

తలుపు వెనక మేకుకు ఆ అంగీ ఇంకా వేలాడుతోంది. మడత నలగలేదు. "నువ్వు తీస్కపో తమ్మీ, నీకు సరిపోతది" అంది వదిన. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. రెండు చేతులకూ ఆయన బండి నూనె ఉంది. ముట్టుకోలేదు.