షాహీన్ గారి లాప్‌టాప్‌కి రెండో మదర్‌బోర్డు

ఈ అనుభవం రాసి పెట్టడానికి కారణం ఉంది. మా ఊరి గ్రంథాలయంలో సాంకేతిక పుస్తకాల అరల ముందు నేను నిలబడని వారం లేదు. రేడియో బాగుచేయడం మీద అక్కడ తెలుగు పుస్తకం ఉంది. మోటారు వైండింగ్ మీద ఉంది, కుట్టుమిషను మీద కూడా ఉంది. లాప్‌టాప్ విప్పి చూసిన మనిషి రాసిన తెలుగు పుస్తకం మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. నాకొచ్చిన విద్యంతా ఆ అరల్లోంచి వచ్చిందే. అక్కడ లేని సంగతి ఒకటి నాకు తెలిసినప్పుడు, దాన్ని కాగితం మీద పెట్టడం నా పని అనుకున్నాను. ఇంగ్లీషు మాన్యువల్స్‌లో కూడా ఈ సంగతి లేదు.

అది 2006. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పైన చిన్న గదిలో మా రిపేరు షాపు ఉండేది. మా నాన్నగారు పోర్టు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను ఇంటర్‌తో కాలేజీ మానేసినా చదవడం మానలేదు. పాత కంప్యూటర్ పత్రికల బైండు సంపుటాలన్నీ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినవాణ్ణి. ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను.

రంజాన్ నెల మొదట్లో ఒకావిడ లాప్‌టాప్ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. పేరు షాహీన్. ఇల్లు వన్‌టౌన్‌లో. ఉర్దూలో పెళ్ళికార్డులు కంపోజ్ చేస్తారు.

"అన్నా, ఇది రెండు పనులు చేస్తంది. ఒకటి నత్తలా నడుస్తంది. రెండోది, నడుస్తా నడుస్తా ఆగిపోతంది," అన్నారు.

మెషీన్ చూశాను. బాగా పాతది, బరువైనది. కొత్తది కొనుక్కోవచ్చు కదా అని అడిగాను. ఆవిడ నవ్వి, లాప్‌టాప్ వెనక గుచ్చి ఉన్న వేలెడంత దిమ్మ చూపించారు. దాన్ని డాంగిల్ అంటారు. ప్రోగ్రాముకి అది తాళంచెవి లాంటిది, అది గుచ్చి ఉంటేనే ప్రోగ్రాము తెరుచుకుంటుంది. ఈ డాంగిల్ గుచ్చాల్సింది పారలల్ పోర్టుకి, అంటే పాత ప్రింటర్లు తగిలించే వెడల్పాటి రంధ్రానికి. కొత్త లాప్‌టాపుల్లో ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి చూశాను. డాంగిల్ పలకలేదు. ఉర్దూ ప్రోగ్రాము అమ్మిన కంపెనీ మూతపడింది. ఇన్‌స్టాల్ చేసే ఫ్లాపీ బూజు పట్టింది.

"డెస్క్‌టాప్‌కి ఈ పోర్టు ఇంకా వస్తోందమ్మా. హార్డ్ డిస్క్ దానికి మార్చి ఇస్తాను," అన్నాను.

"డెస్క్‌టాప్‌ని చంకలో పెట్టుకుని తగరపువలస ఎల్లమంటారా?"

అప్పుడు తన పని ఎలా సాగుతుందో వివరించారు. కార్డులో ఎవరి పేరు ముందుండాలి, ఏ తాతగారి పేరు పక్కన స్వర్గస్థులని తెలిపే మాట చేర్చాలి, ఏ పెదనాన్నని వదిలేస్తే గొడవవుతుంది అన్నవి తేల్చేది ఇంట్లో పెద్ద ఆడవాళ్ళు. వాళ్ళు ప్రెస్సుకి రారు. మగ కంపోజిటర్ లోపలి గదిలోకి పోలేడు. షాహీన్ గారు లాప్‌టాప్ తీసుకెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుని, కంపోజ్ చేసి, పైకి చదివి వినిపిస్తారు. పెద్దావిడ తలూపాకే అది ప్రెస్సుకి వెళ్తుంది.

"రంజాన్ అవగానే పెళ్ళిళ్ళు. ఈ సీజన్లో నేను ఎల్లకపోతే అందరూ హైదరాబాద్‌లో కొట్టించుకోడం మరుగుతారు. ఒకసారి మరిగాక నన్నెవరు పిలుస్తారన్నా? అబ్బాజాన్ పోయాక ఇల్లు నడుస్తంది దీని మీదే," అన్నారు. వాళ్ళ నాన్నగారు చేత్తో ఉర్దూ కార్డులు రాసిన కాతిబు.

చేసిపెడతానని మాటిచ్చాను. ఎలా చేస్తానో ఆ క్షణాన నాకే తెలియదు.

దారి సర్వీస్ మాన్యువల్‌లో దొరికింది. గ్రంథాలయంలో ఇంటర్నెట్ ఉన్న ఒకే ఒక కంప్యూటర్ మీద దాన్ని వెతికి, పేజీలు ప్రింటు తీయించుకున్నాను. ఆ కంపెనీ ఒకే రకం బాడీలో రెండు మదర్‌బోర్డులు అమ్మింది. మదర్‌బోర్డు అంటే ప్రాసెసర్, మెమరీ, పోర్టులు అన్నీ కూర్చునే ప్రధానమైన పలక. షాహీన్ గారిది చవక రకం. ఖరీదైన రకంలో ప్రాసెసర్ వేగం ఎక్కువ, మెమరీ రెట్టింపు పడుతుంది. మరలు బిగించే రంధ్రాలు రెండింటికీ ఒకే చోట ఉన్నాయి. పారలల్ పోర్టు కూడా అదే చోట ఉంది. బొమ్మలు పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచి మరీ నిర్ధారించుకున్నాను.

ఆ బోర్డు ఎక్కడుంటుంది? కంచరపాలెం గేటు దగ్గర అప్పలరాజు అనే పాత సామాన్ల వ్యాపారి ఉండేవాడు. ఆఫీసులు వేలం వేసిన కంప్యూటర్లు లాట్లుగా కొనేవాడు.

"ఏటి బావా, మళ్ళీ ఏటి కావాలి?" అన్నాడు నన్ను చూడగానే.

మోడల్ నంబరు చెప్పాను.

"నంబర్లు నాకేటి తెలుస్తాయి. నాను కాటా మీద కొన్నాను, కాటా మీదే అమ్మతన్నాను. ఆ గుట్టలో ఎతుక్కో. పావుంటే కేకెయ్."

పాము లేదు. గుట్ట అడుగున నాక్కావలసిన మెషీన్ ఉంది. దాని మీద ఏదో బరువైనది పడినట్టుంది, తెర పగిలి, బాడీ చీలిపోయింది. బయటి మానిటర్ తగిలించి కరెంటు ఇస్తే బొమ్మ వచ్చింది.

"ఈ పీనుగు లేచిందేటి బావా," అన్నాడు అప్పలరాజు. లేచింది కదా అని ధర మాత్రం పెంచలేదు.

బోర్డు దొరికినంత మాత్రాన పని అయిపోదు. విండోస్ తను ఏ బోర్డు మీద నడిచిందో గుర్తుపెట్టుకుంటుంది. అదే హార్డ్ డిస్క్‌ని వేరే బోర్డుకి తగిలిస్తే నీలం తెర చూపించి మొండికేస్తుంది. మామూలుగా అయితే అన్నీ తుడిచి కొత్తగా ఎక్కిస్తాం. ఇక్కడ తుడిస్తే ఉర్దూ ప్రోగ్రాము మళ్ళీ రాదు. పాత సంపుటంలో చదివిన కిటుకు గుర్తొచ్చింది: పాత బోర్డు మీద ఉండగానే డిస్క్ డ్రైవర్, అంటే డిస్క్‌తో విండోస్‌ని మాట్లాడించే చిన్న ప్రోగ్రాము, తీసేసి, ఏ బోర్డుకైనా సరిపడే సాధారణ డ్రైవర్ పెట్టి ఆపేయాలి. ముందుగా డిస్క్‌కి నకలు తీసి పెట్టుకున్నాను. కానీ పాత బోర్డు విండోస్ తెరుచుకున్న కొద్దిసేపటికే ఆరిపోతోంది. అడుగు మూత విప్పి, టేబుల్ ఫ్యాన్ దగ్గరగా పెట్టి, చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. డ్రైవర్ల పట్టిక దాకా వెళ్ళడం, ఆరిపోవడం. ఒక మధ్యాహ్నమంతా దానితోనే గడిచింది. చివరికి మార్పు నమోదై, మెషీన్ దానంతటది కాకుండా నేను ఆపితే ఆగింది.

ఆపైన చేతిపని. మరలన్నీ అట్టముక్క మీద బొమ్మ గీసి ఆయా చోట్ల గుచ్చాను. కీబోర్డు రిబ్బన్ కేబుల్, తెర కేబుల్ విప్పి పాత బోర్డు లేపితే, ఫ్యాను చుట్టూ ఎర్రగా, నల్లగా దుమ్ము కంబళిలా పేరుకుని ఉంది. వన్‌టౌన్ మెషీన్లలో అది మామూలే. ఓడరేవు వైపు నుంచి ఒక గాలికి ఇనుప ఖనిజం, ఇంకో గాలికి బొగ్గు వచ్చి పడతాయి. కొత్త బోర్డు శుభ్రం చేసి కూర్చోబెట్టి, ప్రాసెసర్ మీద వేడిని సాగనిచ్చే థర్మల్ పేస్టు రాసి, దాని హీట్‌సింక్ దానికి బిగించాను. హీట్‌సింక్ అంటే వేడిని లాగి ఫ్యాను దగ్గరకి చేర్చే రాగి రేకు. స్విచ్ వేస్తే విండోస్ లేచింది. డాంగిల్ గుచ్చితే ఉర్దూ తెరుచుకుంది.

షాహీన్ గారు వచ్చి పెద్ద కార్డు ఒకటి తెరిచి చూశారు. "ఇది తెరుచుకునే లోపు ఇదివరకు టీ పెట్టుకుని తాగేసేదాన్ని," అన్నారు.

రెండు రోజులకి మళ్ళీ వచ్చారు. ఈసారి నవ్వు లేదు. తగరపువలసలో ఒక పెళ్ళివారింట్లో, సాయంత్రం ఉపవాసం విడిచాక, పదిమంది ఆడవాళ్ళ మధ్య, సగం పేర్లు ఎక్కాక మెషీన్ ఆరిపోయింది. ఎక్కించినవి పోయాయి.

"ఆ ఇంటి నానీ, అదే అమ్మమ్మగారు, ఏమన్నారో తెలుసా? నీ పెట్టెకి నిద్దరొచ్చినట్టుంది, దాన్ని పడుకోబెట్టి నువ్వు బోంచెయ్ బేటీ అన్నారు. అందరూ నవ్వారు. ఆదివారం దాకా చూస్తారంట. లేదంటే హైదరాబాద్ పంపించేస్తారు."

మెషీన్ బెంచీ మీద పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిపాను. ఆగలేదు. మెమరీ మార్చాను, ఛార్జర్ మార్చాను, మళ్ళీ నడిపాను. ఆగలేదు. ఇచ్చి పంపితే వాళ్ళింట్లో మళ్ళీ ఆగింది. పక్క షాపు రమేష్ వచ్చి సలహా ఇచ్చాడు.

"ఆవిడకి వాడ్డం రాదు గురూ. బాగానే ఉందని రాసిచ్చేసి వదిలించుకో."

"ఆవిడ ఇన్నేళ్ళుగా దీని మీదే బతుకుతోంది. వాడడం రాకపోవడం ఏమిటి?" అన్నాను.

నాకు మాత్రం వదలాలనిపించలేదు. మాన్యువల్ మళ్ళీ మొదటి నుంచి చదివాను. అందులో బోర్డు ఉంది, మరలున్నాయి, కేబుళ్ళున్నాయి. మెషీన్ దేని మీద కూర్చుంటుందో, దాని ముందు మనిషి ఎలా కూర్చుంటారో లేదు. నేను చూసింది బెంచీనే. ఆ లోపలి గదిని నేను ఎన్నడూ చూడలేదు, చూడనూ లేను. అయితే ఆ గదిని షాపుకే తేవచ్చు అనిపించింది.

షాహీన్ గారికి ఫోన్ చేసి, "అక్కడ ఎలా కూర్చుని పని చేస్తారో ఇక్కడ అలాగే కూర్చుని చూపించాలి. ఏవేవి వాడతారో అన్నీ తీసుకురండి," అన్నాను.

"మీ షాపులో నేల మీద కూర్చోమంటారా?" అన్నారు. తర్వాత, "అమ్మీని తీసుకొస్తాను," అన్నారు.

ఆ సాయంత్రం మిగతా కస్టమర్లను పంపించేసి నేల తుడిపించాను. షాహీన్ గారు, వాళ్ళ అమ్మ జైనబ్ బీ గారు వచ్చారు. చాప పరిచారు. దాని మీద మెత్తటి బొంత, బొంత మీద దిండు. జైనబ్ బీ గారు సంచీలోంచి ఒక గలేబు తీశారు. లాప్‌టాప్ కొలతకి కుట్టిన గలేబు అది. పాత దుప్పట్లు మూడు పొరలుగా వేసి, దగ్గర దగ్గరగా కుట్టు వేసి, తెరకి, మీటలకి మాత్రం కిటికీలు కోసి, డాంగిల్‌కి విడిగా చిన్న జేబు పెట్టారు. టైలరు కూడా అంత సొగసుగా కుట్టడు.

"ఇదెందుకమ్మా?" అన్నాను.

"ధూళి బేటా. మా ఇంట్లో పొద్దున్న గట్టు తుడిస్తే మధ్యాహ్నానికి దాని మీద వేలితో పేరు రాయొచ్చు. అందుకే కుట్టాను. పనిలో ఉండగా తియ్యొద్దని మా షాహీన్‌కి గట్టిగా చెప్పాను. రిపేరుకి ఇచ్చేటప్పుడు మాత్రం తీసి పంపేదాన్ని."

షాహీన్ గారు మెషీన్‌కి గలేబు తొడిగి, దిండు మీద పెట్టి, పేర్లు ఎక్కించడం మొదలుపెట్టారు. ప్రాసెసర్ వేడి చూపించే చిన్న ప్రోగ్రాము ఒకటి తెర మూలన పెట్టాను. అంకె ఎక్కుతూ పోయింది. గాలి పీల్చే అడుగు దిండులో కూరుకుపోయి ఉంది, గాలి వదిలే పక్క మూడు పొరల గుడ్డ. కాసేపటికి మెషీన్ మా కళ్ళముందే ఆరిపోయింది. నాకు పట్టరాని సంతోషం వేసి గట్టిగా చప్పట్లు కొట్టాను. జైనబ్ బీ గారు కూతురి వైపు చూసి ఉర్దూలో మెల్లగా ఏదో అడిగారు. వీడికేమైనా తేడానా అని అడిగారట. తర్వాత తెలిసింది.

సంగతి వివరించాను. బెంచీ మీద గలేబు ఉండదు కాబట్టి అక్కడ ఆగలేదు. పాత బోర్డుని తినేసింది కూడా ఈ వేడే. కొత్త బోర్డుకి వేడి ఇంకా ఎక్కువ. ఇలాగే వాడితే ఇదీ పోతుంది, ఇంకో బోర్డు ఎక్కడా దొరకదు.

జైనబ్ బీ గారు గలేబు ఒళ్ళో పెట్టుకుని చేత్తో నిమిరారు. "కాపాడాలని కుట్టాను. నేనే చంపానన్నమాట."

"అలా కాదమ్మా. గలేబు లేకపోయినా ధూళితో పోయేదే," అని పాత బోర్డు ఫ్యాను మీది దుమ్ము చూపించాను. "ధూళి అబద్ధం కాదు. గలేబు ఉండాలి, దానికి ముక్కూ ఉండాలి."

ఎక్కడెక్కడ గాలి కావాలో సుద్దముక్కతో గీశాను. ఆవిడ నా టేబుల్ మీది కత్తెర అందుకుని అక్కడికక్కడే కోశారు. అడుగు భాగం మొత్తం తీసేశారు. గాలి పీల్చే చోట పలచటి దుపట్టా గుడ్డ ఒకే పొర, హుక్కులతో తగిలించి, తీసి ఉతుక్కునేలా పెడతానన్నారు. పరుపుల మీద పెట్టకుండా ఏదైనా పీట కావాలని నేనంటే, తల్లీకూతుళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కాతిబుగారు నేల మీద కూర్చుని రాసుకున్న పొట్టికాళ్ళ బల్ల ఇంట్లో అటక మీద ఉందట.

ఆదివారం తగరపువలసకి నేనూ వెళ్ళాను. బల్ల మోసుకుంటూ వెళ్ళి, ముందు గదిలో కూర్చున్నాను. తలుపు తెర అవతల షాహీన్ గారు పేర్లు చదువుతున్నారు. ఒక పేరు దగ్గర గొడవ మొదలైంది. మేనత్త పేరు ముందా, పినతల్లి పేరు ముందా అన్నది తేలడం లేదు. ఆ గొడవ ఎంతకీ తెమలలేదు. నా చెవులు మాత్రం ఫ్యాను చప్పుడు మీదే ఉన్నాయి. ఇంటివాళ్ళు ఉపవాసంలో ఉన్నా నాకు టీ ఇచ్చారు, ఇంకోసారి ఇచ్చారు. చివరికి లోపల నిశ్శబ్దం. మెషీన్ ఆగిందనుకుని లేచి నిలబడ్డాను. తెర వెనక నుంచి నానీ గొంతు తెలుగులో వినబడింది.

"కూకో బాబూ. ఇయ్యాల పెట్టె పడుకోలేదు. మా ఆడపడుచు పడుకుంది."

కార్డు ఆ పూటే ఖాయమైంది. ఆ సీజన్లో షాహీన్ గారు ఏ పెళ్ళికీ లేదనలేదు. ఆ బోర్డు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి నడిచింది.

పాడైన వస్తువుని మాత్రమే చూస్తే సగం రోగమే కనబడుతుందని ఈ కేసు నాకు నేర్పింది. అప్పటి నుంచి షాపులో ఒక చాప, ఒక దిండు ఉంచాను. మెషీన్ ఊరికే ఆగిపోతోందని ఎవరొచ్చినా, ఇంట్లో ఎలా వాడతారో అలా కూర్చోమంటాను. కొందరు ఇక్కడ పడుకుంటారా అని నవ్వుతారు. కూర్చున్నాక నవ్వరు.

మాన్యువల్ పేజీలన్నీ విసుగు లేకుండా ప్రింటు తీసిచ్చిన గ్రంథాలయం వరలక్ష్మి గారికి, లేచిన పీనుగుకి ధర పెంచని అప్పలరాజుకి, చెడ్డ సలహా ఇచ్చి నా పట్టుదల పెంచిన రమేష్‌కి, ముందు గదిలో చోటిచ్చిన తగరపువలస నానీ ఖైరున్నీసా గారికి, మా షాపులో నేల మీద కూర్చుని చూపించిన షాహీన్ గారికి కృతజ్ఞతలు. జైనబ్ బీ గారికి ప్రత్యేకంగా. ఎన్నో సాయంత్రాలు కూర్చుని కుట్టిన కుట్టుని, కూతురి పని నిలబడుతుందని తెలియగానే, ఇంకో మాట అడగకుండా కోసేశారు.