చల్లారి వచ్చే కార్డులు

“అమ్మా, అత్తమ్మ లేస్తలేదే.”

పొద్దున్నే ఫోనులో మా బిడ్డ అన్న మాట అదే. పోయింది అనలేదు. లేస్తలేదు అంది. నా వియ్యపురాలు, నేను వదినా అని పిలుచుకునే మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆ మాట మనసుకు ఎక్కకముందే ఇంకో భయం వచ్చి నా గుండె మీద కూర్చుంది. ముందురోజు సాయంత్రమే నేను ఆమెకు ఒక కార్డు పోస్టు చేశాను. దాని మీద ఏం గీశానో, ఏం రాశానో నాకు తెలుసు. అది ఇప్పుడు చావు జరిగిన ఇంటికి పోతుంది.

మొదటి నుంచి చెబితేనే మీకు అర్థమవుతుంది.

మాది ఛత్తాబజారు వెనక గల్లీ. పెళ్ళికార్డులు అచ్చువేసే దుకాణాలకు ఇంట్లో కూర్చుని కవర్లు అతికించి ఇవ్వడం నా పని. చదువు మూడో తరగతితోనే ఆగింది. కూడబలుక్కుని చదువుతాను, అంతకంటే మెల్లగా రాస్తాను. దిగులు పడడానికి మాత్రం చదువు అక్కర్లేదు కదా. మా బిడ్డను బహదూర్‌పురాలో ఇచ్చాం. ఆటో ఎక్కితే వచ్చేసే దూరమే. అయినా నాకు దేశం దాటించినట్టుండేది. తిన్నదా, పడుకున్నదా, ఎవరైనా ఏమైనా అన్నారా అని పూటపూటకూ ఫోన్లు చేసేదాన్ని. ఒకరోజు వదినే ఫోను అందుకుంది.

“వదినా, నీ బిడ్డ తింటున్నది, పంటున్నది, నాతోని కొట్లాడుతున్నది. ఇంకేం గావాలె నీకు?”

“కొట్లాడుతున్నదా? ఎందుకు? ఏమైంది?”

“సూసినవా! ఫోన్ల మాట వేడివేడిగ వస్తది, చెవి గాలుతది. ఇగ ఫోన్లు బంద్. కార్డు రాస్త. కార్డు దారిల సల్లారి వస్తది.”

“నాకు చదువు సరిగ రాదు వదినా.”

“నాకు మస్తు వచ్చినట్టు! బొమ్మ గీస్త. బొమ్మ సూడ కండ్లున్నయి గద?”

అలా మొదటి కార్డు వచ్చింది. గుండ్రంగా, ఒళ్ళంతా గరుకు గరుకుగా ఏదో గీసి ఉంది. కింద ఒకే మాట: అలుగు. నాకు అది పనసకాయలా కనబడింది. వియ్యపురాలు పనసకాయ అడుగుతోంది, తేకపోతే అలుగుతానని రాసింది అనుకున్నాను. కొత్త సంబంధం, ఏమనుకుంటారో అని భయపడి పనసకాయ ఒకటి కొని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో పోయాను. వదిన ఆ కాయనూ నన్నూ చూసి గుమ్మంలోనే కూలబడి నవ్వింది.

“అలుగు అంటె జంతువు వదినా! ఒళ్ళంత పొలుసులుంటయి. ముట్టుకుంటె ముడుసుకుంటది. నీ బిడ్డ మొన్న అలిగి గిట్ల ముడుసుకోని పన్నది, గది రాసిన.”

“ఇప్పుడేది నా బిడ్డ?”

“అగో, మిరపకాయ బజ్జీలు తింటున్నది. సల్లారింది సూడు.”

అన్నయ్య, అంటే ఆమె భర్త, జూపార్కులో రాత్రిపూట తిరిగే జంతువుల గదుల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మనం పేరు కూడా వినని జీవాల సంగతులన్నీ ఆయనకు తెలుసు. వదిన ఆయన చెప్పింది విని గీసేది. సింహం, ఏనుగు, నెమలి ఎందుకు గీయవు అని అడిగితే, “సింహం అగ్గిపెట్టె మీద గూడ ఉంటది. మన పిల్ల అగ్గిపెట్టెనా?” అనేది. కార్డుల కోసం దుకాణాల్లో మిగిలిన అట్ట ముక్కలు కత్తిరించి నేనే ఇచ్చేదాన్ని. కొన్నింటి వెనక ఎవరిదో పెళ్ళి ముహూర్తం సగం అచ్చయి ఉండేది. రంగులన్నీ ఆమె ఇంట్లోవే. కాటుక, పసుపు, బట్టలకు పెట్టే నీలిమందు. మనవరాలు పుట్టాక మా బిడ్డకు నిద్రలేని రోజుల్లో రాత్రంతా మేలుకునే దేవాంగపిల్లిని, కార్డంతా రెండు కళ్ళే ఉన్నదాన్ని, పంపింది. ఆ చిన్నదాని పాదం చుట్టూ గీసి, దానికి తోకా చెవులూ పెట్టి పునుగుపిల్లి అంది.

నాకూ గీయక తప్పలేదు. “నీకు ఏ ఫికర్ ఉన్నా దాన్ని ఒక జంతువును జేసి డబ్బాల ఎయ్యి వదినా. డబ్బాల పడ్డంక అది పోస్టోళ్ళ ఫికర్, నీది గాదు” అని చెప్పింది. నేను అలాగే చేసేదాన్ని. చేసి, కార్డు చేరిందో లేదో అని ఫోన్ చేసేదాన్ని. “నీకు మందు లేదు” అనేది.

ఒక కార్డు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చెట్టు తొర్ర, దానికి అడ్డంగా మట్టిగోడ. సందులోంచి ఒక ముక్కు మాత్రం బయటికి ఉంది. బయట ఇంకో పక్షి, ముక్కు మీద కొమ్ము, నోట్లో పండు. కింద ఒక్క మాట కూడా లేదు. నా బిడ్డను గదిలో వేసి గొళ్ళెం పెట్టారనే అనుకున్నాను. చెప్పులు ఎవరివి వేసుకున్నానో కూడా తెలియదు. వెళ్ళి చూస్తే పిల్ల మంచం మీద పడుకుని ఉంది, అల్లుడు పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు.

“నా బిడ్డను గోడల పెట్టి ఎందుకు మూసినవ్ వదినా?”

“నేను మూయలె తల్లీ! ఆ పక్షి గంతే. గుడ్లు పెట్టేటప్పుడు ఆడది తొర్రల కూసోని తానే మూసుకుంటది. మొగది బయట తిరిగి పండ్లు తెచ్చి నోట్లె పెడ్తది. డాక్టరమ్మ లెవ్వొద్దన్నది. నా కొడుకు పుట్టి బుద్ధెరిగి మొదటిసారి పని జేస్తున్నడు, నీకు సూపిద్దామనుకున్న. పోలీసోళ్ళను ఎంబడి తేలేదు, సంతోషం.”

అమ్మమ్మను కాబోతున్నానని నాకు అలా తెలిసింది.

అప్పుడు కొన్నాళ్ళు అక్కడే ఉన్నాను. పొద్దున్నే మెలకువ వచ్చినా వదిన లేచేది కాదు. కళ్ళు మూసుకుని కదలకుండా పడుకునేది. అన్నయ్య చాయ్ పెట్టి తెచ్చి, “నాటకాలు చాలు, లే” అనేవాడు. ఒక కన్ను కొంచెం తెరిచి చాయ్ గ్లాసు ఉందో లేదో చూసుకుని అప్పుడు లేచేది. “నాది దుమ్ములగొండి నిద్ర వదినా” అంది నాతో. కుక్కలు చుట్టుముడితే ఆ జంతువు చచ్చినట్టు పడిపోతుందట. అవి పోగానే లేచి తన దారిన తాను పోతుందట. అది కూడా అన్నయ్య చెప్పిందే.

ఇప్పుడు ఆ కార్డు దగ్గరికి వస్తాను. ఈమధ్య ఆమెకు దగ్గు, ఆయాసం. నేను పంపిన వాటికి జవాబు రాలేదు. ఫోన్ చేస్తే మా బిడ్డ, “ఏం లేదమ్మా, జర నీరసం” అంది. నా మనసు ఆగలేదు. ఒక దుమ్ములగొండిని గీశాను, వెల్లకిలా, కాళ్ళు పైకి పెట్టి. నటిస్తున్నట్టు తెలియాలని ఒక కన్ను కొంచెం తెరిచి పెట్టాను. కింద అక్షరం అక్షరం కూడగట్టి రాశాను: “నాటకాలు చాలు. లే వదినా.”

చనిపోయిన మనిషికి ఆ కార్డు. దాన్ని అన్నయ్య వాళ్ళక్క చూస్తే? పెళ్ళినాడే నా మాటతీరు బాగాలేదన్న మనిషి ఆవిడ. ఇప్పుడు నలుగురిలో ఒక మాటంటే మా బిడ్డ ఆ ఇంట్లో తల ఎలా ఎత్తుకుంటుంది? దారిలో, నేను కార్డు వేసిన పోస్టు డబ్బా దగ్గర ఆటో ఆపించి దిగాను. సందులో చెయ్యి పెట్టాను. వేళ్ళు దాటి పోలేదు.

ఆటో అతను దిగి వచ్చాడు. “క్యా హువా అమ్మా? చెయ్యి ఇరికిందా?”

“కార్డు బయటికి తియ్యాలె భాయ్.”

“డబ్బా ఖాళీ చేసి పోయిండ్రమ్మా, ఇప్పుడే బండి పోయింది. పడ్డది పడ్డది. ఫికర్ జెయ్యకు, పక్కా చేరుతది.”

చేరుతుందనే కదా నా భయం.

ఆ పది రోజులూ నేను వాళ్ళింటి గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పోస్టాయన వస్తే నేనే అందుకోవాలని. వచ్చినవాళ్ళు నన్ను చూసి, “పాపం, లోపలికి పోలేకపోతున్నది, ఎంత ప్రేమో” అన్నారు. ప్రేమ లేదని కాదు. కానీ లోపలికి పోయి ఆమె మంచం దగ్గర కూర్చుని ఏడవడానికి నాకు తీరిక లేకపోయింది. నా కళ్ళు గల్లీ చివరే ఉండేవి. సైకిల్ బెల్లు వినబడితే లేచి నిలబడేదాన్ని. నీలిమందు మరక ఉన్న ఆమె వేళ్ళు గుర్తుకొచ్చేవి, మళ్ళీ కార్డు గుర్తుకొచ్చేది.

చివరికి మనవరాలు అన్నం తిననని ఏడిస్తే లోపలికి వెళ్ళాను. బయటికి వచ్చేసరికి కార్డు అన్నయ్య వాళ్ళక్క చేతిలో ఉంది.

“ఏందిది? కుక్క సచ్చి పడ్డట్టున్నది. ఏం రాసిండ్రు, చదువు బిడ్డా” అని మా బిడ్డకు ఇచ్చింది.

పిల్ల చూసింది. నా వైపు చూసింది. దాయలేక చదివింది. “నాటకాలు చాలు. లే వదినా.”

“సచ్చిన మనిషిని నాటకాలంటదా మీ అమ్మ?”

పది రోజులుగా నేను దేనికి వణికానో సరిగ్గా అదే మాట. మా బిడ్డ తల దించుకుంది. కార్డు పంపినప్పుడు వదిన బతికే ఉందని చెప్పాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

గోడకు ఆనుకుని కూర్చున్న అన్నయ్య లేచి వచ్చాడు. పెళ్ళాం పోయినప్పటి నుంచి ఆయన గట్టిగా మాట్లాడింది లేదు. కార్డు తీసుకున్నాడు.

“కుక్క గాదక్కా. దుమ్ములగొండి. సచ్చినట్టు జేస్తది.” కార్డు మీది అక్షరాల మీద వేలు పెట్టాడు. “ఆ పొద్దు నేను గూడ గిదే మాటన్న. చాయ్ తెచ్చి పక్కన పెట్టి, నాటకాలు చాలు, లే అన్న. లెవ్వలె. మళ్ళ అన్న. చాయ్ సల్లారిపాయె.”

వాళ్ళక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి మా బిడ్డను దగ్గరికి తీసుకుని, “పో బిడ్డా, మీ అమ్మకు జరన్ని నీళ్ళియ్యి, నిలబడలేకపోతున్నది” అంది. అన్నయ్య కార్డు నా చేతిలో పెట్టాడు. “ముందుకాళ్ళు ఇంక జర పొడుగుండాలె చెల్లె” అన్నాడు. అప్పుడు ఏడ్చాను, పది రోజులదీ కలిపి.

ఇప్పుడు మా బిడ్డే రోజూ ఫోన్ చేస్తుంది. “బాగున్నమ్మా” అంటుంది. ఆ బాగున్నా అన్నది ఏ జంతువో నాకు తెలియడం లేదు. ముడుచుకున్నదా, తొర్రలో ఉన్నదా, కళ్ళు ఇంతింత చేసుకుని మేలుకుని ఉన్నదా? చెప్పే మనిషి లేదు. వేడి వేడి మాట చెవిలో పడుతుంది, నేను గాబరాపడుతూనే ఉంటాను. అట్ట ముక్కలు మాత్రం అలవాటుగా కత్తిరించి పక్కన పెడుతున్నాను.

ఆ కార్డు నా దగ్గరే, కవర్లు అతికించే పీట పక్కన గూట్లో ఉంది. పోస్టాఫీసులో నల్లటి ముద్ర ఎక్కడ పడాలో అక్కడ పడకుండా, సరిగ్గా దుమ్ములగొండి కన్ను మీద పడింది. తడి కొంగుతో తుడిచి చూశాను, పోలేదు. చూసినవాళ్ళకు కన్ను మూసినట్టే కనబడుతుంది. ముద్ర కింద అది కొంచెం తెరిచే ఉంది. గీసింది నేనే కదా.