ఖాలమ్మ అడిగిన దుడ్డె తోలు

మొన్న ఒక సభకు పోయాను. పశువుల శాఖలో పనిచేసి రిటైరైన వాళ్లను పిలిచి శాలువాలు కప్పే సభ. నాకూ ఒకటి కప్పారు. తరవాత ఒక కుర్ర ఆఫీసరు మైకు ముందుకొచ్చి, పశువుల అంటురోగాలను ఆపడానికి మన చట్టాలు ఎంత గట్టివో అరగంట చెప్పాడు. చివర్న ఒక ముక్క అన్నాడు. "చట్టం ఉంది సార్, మందులున్నాయి. కానీ మన జనం చెప్పరు. పశువుకు రోగమొస్తే దాచిపెడతారు. వాళ్ల అజ్ఞానమే అసలు రోగం." అందరూ చప్పట్లు కొట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. శాలువా కుర్చీలో పడేసి బయటికొచ్చాను. ఈ వయసులో ఇంత కోపమేమిటని ఇంట్లో నవ్వారు. నవ్వనీ. జనం ఎందుకు చెప్పరో నాకు తెలుసు. చెప్పిన మనిషిని ఏం చేశామో కళ్లారా చూశాను. చూడడమేమిటి, చేసినవాణ్ణే నేను.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు సికింద్రాబాద్‌లో ఒక పశువుల దవాఖానాలో కాంపౌండరుగా చేరాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ మిషను బడిలో పంతులుగా స్థిరపడ్డాడు. ఇంట్లో అక్కడి మాట, గల్లీలో ఇక్కడి మాట. నాకు రెండూ వచ్చు కాబట్టి జనంతో మాట్లాడే పనంతా డాక్టరు నామీదే వేసేవాడు. రాజ్యం మారిందని ఊరంతా అంటున్నారు గాని మా దవాఖానా గోడమీది కాగితం మాత్రం మారలేదు. అవే రూళ్లు, కింద ముద్ర కొత్తది. నా ఖాకీ చొక్కా కూడా కొత్తదే. అది వేసుకుని నడుస్తుంటే నా అంత మనిషి లేడనుకునేవాణ్ణి.

ఆ కాగితంలో ఉన్నది ముఖ్యంగా ముసర రోగం గురించి. జనం పెద్దరోగం అనేవారు. నోట్లో పుళ్లు, కళ్ల వెంట నీళ్లు, ఆగని పారుడు, వారం తిరక్కుండా పశువు పోయేది. ఒకదానికొస్తే వీధి వీధంతా ఊడ్చుకుపోయేది. అందుకని రూళ్లు పెట్టారు. జబ్బు కనబడగానే దవాఖానాలో చెప్పాలి. ఆ ఇంటి పశువు వాకిలి దాటకూడదు. అల్వాల్ వైపు నుంచి వచ్చే గడ్డిబండ్లు ఆ గల్లీలోకి రాకూడదు. చచ్చినదాన్ని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. పూడ్చే ముందు తోలును కత్తితో అడ్డంగా నిలువుగా కోయాలి. ఎందుకంటే తోలు బాగుంటే ఎవరో ఒకరు తవ్వి తీసి అమ్ముకుంటారు, దానితోపాటు రోగమూ ఊరు దాటుతుంది. ఈ రూళ్లలో తప్పు లేదు. ఇప్పటికీ అదే అంటాను. నా కోపం రూళ్లమీద కాదు.

పద్మారావు నగర్ కింద గల్లీలో మా ఇంటికి పాలు పోసే ఆమె ఒకతి ఉండేది. తురకల ఆమె, మాట మాత్రం అచ్చం మా అందరి తెలుగే. గల్లీలో పిల్లాపెద్దా ఆమెను ఖాలమ్మ అనేవాళ్లు, చిన్నమ్మ అన్నట్టు. ఆమె భర్త లాలాగూడలో రైల్వే వర్కుషాపులో పనిచేసేవాడు. పోలీస్ యాక్షన్ రోజుల్లో బీదరు వైపు ఉన్న చెల్లెల్ని తీసుకొద్దామని పోయి తిరిగి రాలేదు. పోయాడని చెప్పినవాళ్లు లేరు, ఉన్నాడని చెప్పినవాళ్లూ లేరు. ఆమె ఎక్కడికీ వెళ్లి అడగలేదు. ఖాకీ బట్ట కనిపిస్తే చాలు, తలుపు వేసుకునేది. భర్త కోసం కూడా ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు. ఆమెకు మిగిలింది ఒక బర్రె. ఆరేడిళ్లకు పాలు పోసుకుని బతికేది. ఆ బర్రె పాలివ్వకపోతే ఆమెకు పొయ్యి వెలగదు. ఇది గల్లీలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ వానాకాలం ఆమె బర్రె దుడ్డెకు కళ్లు కారడం మొదలైంది. పాలు పొయ్యడానికి వచ్చినప్పుడు మా అమ్మతో అంటుంటే విన్నాను. చూడబోయాను. నోరు తెరిచి చూస్తే పుళ్లు. దవాఖానాకు వచ్చి చెప్పమన్నాను. ఆమె రెండు చేతులూ ఊపింది.

"నాకు ఆఫీసులొద్దు బిడ్డా. నన్ను పరేషాన్ చెయ్యకు. సచ్చేది సస్తది, బతికేది బతుకుతది."

నేను వదల్లేదు. మర్నాడు పాలు పొయ్యడానికి వచ్చినప్పుడు మా అమ్మ ముందరే ఏవేవో చెప్పి ఒప్పించాను. ఏం చెప్పానో మాటలు గుర్తులేవు. కొత్త ఉద్యోగం, రూలు బుక్కు కంఠతా వచ్చు, నా మాట విని ఒక మనిషి కదిలిందన్న గర్వం మాత్రం గుర్తుంది. ముసుగు సరిచేసుకుని నా వెనకే వచ్చింది. దవాఖానా మెట్లదగ్గర ఆగి నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు పక్కనే ఉండు," అంది. ఉన్నాను. చెప్పింది. రిజిస్టరులో వేలిముద్ర వేసింది.

డాక్టరు వచ్చి చూసి ముసరేనన్నాడు. బర్రెకు సూది వేశాం. గల్లీలో మిగతా బర్రెలకు కూడా వెయ్యాలి గాని మందు తక్కువగా ఉందని, తరవాత చూద్దామన్నాడు. ఆ తరవాత అనేది రానే లేదు. మూడో రోజు దుడ్డె చచ్చిపోయింది.

ఇక్కడ పట్నం పిల్లల కోసం ఒక సంగతి చెప్పాలి. దుడ్డె మూతి పొదుగుకు తగలందే బర్రె చేపదు. పొదుగు నిండా పాలున్నా కిందికి వదలదు. అందుకని దుడ్డె చస్తే దాని తోలు ఒలిచి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుడతారు. దాన్ని ముందు పెడితే బర్రె నాకుతుంది, తన బిడ్డే అనుకుంటుంది, చేపుతుంది. పాలమ్ముకునే ఏ ఇంట్లోనైనా ఇదే చేస్తారు.

నాలా అవతల గొయ్యి తీయించాం. ఖాలమ్మ మా వెంటే వచ్చింది. నేను కత్తి తీస్తుంటే అర్థమైంది ఆమెకు.

"కోయకు బిడ్డా! తోలు జెర నాకు ఇప్పియ్యి. బర్రె చేపదు. ఇది తప్ప నాకేముంది?"

నేను డాక్టరు వైపు చూశాను. సున్నపునీళ్లలో నానబెట్టి ఇద్దామా అని అడిగాను. ఆయన గొడుగు కింద నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. "రూల్ ల లేదు. కానియ్ జల్ది," అన్నాడు. కానిచ్చాను. అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు, అదీ చెప్పాలి. దుడ్డె పడుకునే గోనెపట్టకు అగ్గిపుల్ల గీసిందీ నేనే. వాసన తగిలితే అయినా బర్రె చేపుతుందేమోనని దాన్ని చంకలో పెట్టుకుని దాచుకుంది ఆమె. లాగి కాల్చాం.

ఆ బర్రె పదిరోజులు అరిచింది. ఖాలమ్మ ముందర తెలగపిండి పెట్టింది, గంగడోలు నిమిరింది, వేడినీళ్లతో పొదుగు కడిగింది, పక్కింటి దుడ్డెను తెద్దామంటే గల్లీలో పశువును పశువు దగ్గరికి చేర్చకూడదని మా ఆర్డరు. బర్రె పొదుగు గట్టిపడి, తరవాత వదులై, చివరికి ఎండిపోయింది. వాకిలి దాటొద్దన్న గడువు తీరిన రోజే కసాయి వచ్చి తోలుకుపోయాడు. అంతా అయ్యాక మా డాక్టరు రిజిస్టరులో రాసుకున్నాడు, సకాలంలో నివారించబడింది అని. అది నిజం కూడా. ఆ ఏడు గల్లీలో పాలమ్ముకునే ఇళ్లల్లో ఇంకో పశువు పడలేదు. ఆమె చెప్పబట్టే.

ఇంతవరకే అయితే నేను కూడా నోరు మూసుకునేవాణ్ణి. రూలు కఠినం, ఏం చేస్తాం అనుకునేవాణ్ణి. కానీ అదే గల్లీ చివర ఒక కంట్రాక్టరు దొడ్డి ఉంది. పెద్ద దొడ్డి, బంగళాలకు పాలు పంపేవాడు. మా డాక్టరు ఇంటికీ అక్కణ్ణుంచే. ఖాలమ్మ వాకిలి గడువు ఇంకా తీరకముందే, ఒక పొద్దున డాక్టరు ఇంటి చెంబుతో నన్నే పంపారు. పోయి చూద్దును కదా, పాక గోడకు ఆనించి మూడు గడ్డి దుడ్డెలు వరసగా ఉన్నాయి. కుట్లు కొత్తవి. తోలు ఇంకా సరిగా ఆరలేదు, వాసన కొడుతోంది. పాలు పితికేవాడు ఒకదాన్ని చంకన పెట్టుకుని ఒక బర్రె దగ్గర్నుంచి ఇంకో బర్రె దగ్గరికి తిరుగుతున్నాడు. బయట అల్వాల్ నుంచి వచ్చిన గడ్డిబండి దించుతున్నారు.

చెంబు అక్కడే పెట్టేసి దవాఖానాకు పరిగెత్తాను. డాక్టరు తాపీగా విన్నాడు.

"ఆయన కంప్లైంట్ ఇచ్చిండా?"

"లేదు సాబ్."

"మరి? ఎవరూ చెప్పకపోతే రోగం ఉన్నట్టు మనకెట్ల తెలుస్తది? చెప్పినోళ్ల ఇంటికే గద మనం పోయేది. నువ్వు పాలు తెమ్మంటే తనిఖీ చేసి వస్తివా?"

పక్కనున్న దవాఖానా బంట్రోతు కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లంతా మండిపోయింది. అంటే దాచినవాడికి చట్టం లేదు. నిజం చెప్పినవాళ్లకే కత్తి, వాళ్లకే సున్నం, వాళ్లకే అగ్గిపుల్ల. ఆ రోజు నేను ఉద్యోగం మొహాన కొట్టి వచ్చానని చెప్పుకుంటే బాగుండేది. కొట్టలేదు. తిరిగి పోయి చెంబు తెచ్చి ఇచ్చాను.

ఖాలమ్మ ఆ తరవాత కంట్రాక్టరు దొడ్డిలోనే పెండ ఎత్తే పనికి కుదిరింది. ఇంకెక్కడికి పోతుంది? నేను ఎదురుపడితే "బాగున్నవా బిడ్డా" అని అడిగేది. ఆ మాటకు నేను తల దించుకునేవాణ్ణి. తిట్టినా బాగుండు అనిపించేది.

మళ్లీ వానాకాలం వచ్చింది. ఒక రోజు పొద్దున్నే దవాఖానా తలుపు తీసేసరికి మెట్లమీద ఖాలమ్మ కూర్చుని ఉంది. ఒక్కతే వచ్చింది. నన్ను పక్కన ఉండమని అడగలేదు. చీర అంచుకు పెండ అలాగే ఉంది. డాక్టరు బల్ల ముందుకు పోయి నిలబడింది.

"దొడ్ల నాలుగు దుడ్డెలు సచ్చినయి సాబ్. నోట్ల పుండ్లు, గదే రోగం. తోళ్లు ఒలిచి గడ్డి కూరిండ్రు. రాసుకోండ్రి."

డాక్టరు కళ్లద్దాలు పైకి జరిపాడు. "నువ్వు మాలిక్ వా?"

"కాదు సాబ్. పెండ ఎత్తేదాన్ని."

"మాలిక్ వచ్చి చెప్పాలె. నౌకర్లు వచ్చి చెప్తే రాసుకోనీకి ఇది చౌరస్తా కాదు."

నేను రిజిస్టరు లాక్కుని రాశాను. తేదీ వేసి, నాలుగు దుడ్డెలని రాసి, కింద ఆమె చేత వేలిముద్ర వేయించాను. డాక్టరు నా చేతిలోంచి రిజిస్టరు తీసుకుని, ఎర్ర సిరాతో ఆ పద్దు మీద ఒక గీత గీసి, మళ్లీ నా ముందుకు తోశాడు. కోప్పడను కూడా లేదు. కోప్పడడానికి కూడా ఆయన దృష్టిలో అక్కడ ఏమీ జరగలేదు. ఖాలమ్మ ఆ గీత వైపు చూసింది. ఆమెకు చదువు రాదు గాని కొట్టివేత ఏమిటో ఎవరికైనా తెలుస్తుంది.

మధ్యాహ్నానికల్లా ఆమెను దొడ్లోంచి వెళ్లగొట్టారు. సంగతి ఎవరు చేరవేశారో చెప్పనక్కర్లేదు, డాక్టరు ఇంటికి పాలు పోయే దారి ఒక్కటే. నేను డ్యూటీ దిగి తిన్నగా వాళ్లింటికి పోయాను. వాకిట్లో బర్రెను కట్టేసిన గుంజ దగ్గర కూర్చుని బియ్యం చెరుగుతోంది. నాకు ఆమెమీదే కోపమొచ్చింది. అవును, ఆమెమీదే.

"ఎందుకు చెప్పినవ్ ఖాలమ్మా? నీ దుడ్డెలా అవి? ఉన్న ఒక్క పనీ పోగొట్టుకుంటివి. పోయిన ఏటి పగ తీర్చుకుందామనా?"

ఆమె చేట ఆపి నా మొహంలోకి చూసింది. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"పగేంది బిడ్డా? నువ్వే గద చెప్పినవ్. మనం చెప్తే గల్లీల మిగిలినోళ్ల బర్రెలు బతుకుతయని, మీ అమ్మ ముంగట గట్టిగ చెప్పినవ్ గద. గా మాట అబద్ధమా?"

నాకు గుర్తులేని మాట అది. ఆమె దాన్ని ఏడాదిపాటు పెట్టుకుంది. తన బర్రె పోయాక కూడా పెట్టుకుంది. నేను ఆ ఖాకీ చొక్కాలో నిలబడి, "అబద్ధం కాదు ఖాలమ్మా," అన్నాను. ఆ గల్లీలో, ఆ దవాఖానాలో, గోడమీద కాగితం అతికించినవాళ్లలో కూడా, ఆ చట్టాన్ని నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. ఆ ఒక్కదాన్నే పట్టుకుని రెండుసార్లు పొయ్యి ఆర్పించాం.

ఆ నెలలో గల్లీలో ఆరు బర్రెలు చచ్చిపోయాయి. వాటిలో ఒక్కదాని సంగతీ ఎవరూ మా దవాఖానాకు వచ్చి చెప్పలేదు.