మా అన్నయ్య ‘బాగానే ఉంది’ అన్నంత కాలం

నక్కపల్లిలో చుట్టాల పెళ్ళికని నేనూ మా అన్నయ్యా షేర్ ఆటో ఎక్కాం. నర్సీపట్నం దాటామో లేదో ఆటో ఆపమన్నాడు. జీడితోట పక్కకి వెళ్ళొచ్చాడు. కాసేపటికి మళ్ళీ ఆపమన్నాడు. ఇంకోసారి అడిగేసరికి డ్రైవరు వెనక్కి తిరిగి, “ఏటి తాతా, ఊరూరికీ ఓ గుర్తెట్టుకుంటూ ఎల్తన్నావేటి?” అన్నాడు. ఆటోలో అందరూ నవ్వారు. మా అన్నయ్య కూడా నవ్వాడు. కానీ పెళ్ళిలో భోజనానికి కూర్చోలేదు. పందిరి వెనక నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. మూత్రానికి వెళ్ళాలనిపిస్తుందట, వెళ్తే రాదట. అదీ మొదలు.

నా పేరు మరియమ్మ. సంతకం వరకే నా చదువు. నేను చెబుతుంటే మా అన్నయ్య కూతురు సుగుణ రాస్తోంది. నా భర్త పోయాక అన్నయ్య ఏసేబు ఇంట్లోనే ఉంటున్నాను. మా వదిన అంతకుముందే పోయింది. అన్నయ్య టైలరు. వీధి అరుగు మీదే ఆయన మిషను. ఆదివారం మా చర్చిలో డోలక్ వాయిస్తాడు. ఆయన వాయించకపోతే మా పాటలు పాటల్లా ఉండవు, పాఠం అప్పజెప్పినట్టుంటాయి.

“డాక్టరుకి సూపించుకో అన్నియ్యా” అని ఎన్నిసార్లు చెప్పానో. “వయసే, ఇది రోగం కాదు. నీకెందుకే ఇయన్నీ?” అనేవాడు. చివరికి ఓ రోజు పొద్దున్నే అసలు మూత్రమే రాలేదు. పొత్తికడుపు రాయిలా అయిపోయింది. ఆ రోజు మాత్రం ‘నీకెందుకే’ అనలేదు. “బేగి ఆటో పిలవే సెల్లీ” అని ఏడ్చాడు.

ఊళ్ళో ఆస్పత్రిలో క్యాథెటర్ వేశారు. చూస్తుండగానే సంచి నిండిపోయింది. స్కానింగ్ తీసి, “ప్రోస్టేట్ బాగా ఎన్‌లార్జ్ అయింది, యూరాలజిస్ట్‌కి చూపించండి” అన్నారు. విశాఖపట్నం పట్టుకుపోయాం. అక్కడ పీఎస్ఏ అని రక్తపరీక్ష, ఇంకా ఏవేవో చేశారు. “మూత్రం దారి చుట్టూ ఉండే గ్రంథి పెరిగి దారిని నొక్కేస్తోందమ్మా. టీయూఆర్‌పీ చేద్దాం. బయట కోత ఉండదు, లోపల నుంచే తీసేస్తాం” అన్నారు డాక్టరుగారు. చేశారు. తీసిన ముక్కలు బయాప్సీకి పంపితే క్యాన్సర్ లేదని వచ్చింది. నేను అక్కడే వరండాలో మోకరించాను.

డిశ్చార్జి రోజున డాక్టరుగారు స్పష్టంగానే చెప్పారు. “కొన్ని వారాలు అర్జెన్సీ, అంటే ఆపుకోలేని తొందర ఉంటుంది, కొంచెం లీకేజీ ఉండొచ్చు. కొందరికి నెలలు పడుతుంది. భయపడొద్దు. నీళ్ళు బాగా తాగాలి. తేడా ఉంటే దాచకుండా చెప్పాలి.” మా అన్నయ్య బుర్ర ఊపాడు. ఆయన బుర్ర ఊపాడంటే వినలేదని లెక్క.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారమే చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. తెలియనివాళ్ళకి చెబుతున్నాను. మా చర్చిలో దేవుడు మేలు చేస్తే లేచి నలుగురిలో ఆ మాట చెప్పాలి, అదే సాక్ష్యం. “కుళాయి తిప్పినట్టు వత్తాందండి! దేవుడు నన్ను పూర్తిగా బాగుసేసినాడండి!” అన్నాడు. అందరూ హల్లెలూయ అన్నారు, చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ ‘పూర్తిగా’ అన్న మాటే మా కొంప ముంచింది.

తర్వాత కొద్ది రోజులకి నా పాత నూలు చీరలు తగ్గిపోతున్నాయని గమనించాను. “అన్నియ్యా, నా నీలం సీర ఏటైపోనాది?” అంటే, “సిరిగిపోయినదే కదేటే, మిషను తుడవడానికి తీసినాను” అన్నాడు. మిషను తుడవడానికి అన్ని చీరలా? దండెం మీద పంచెలు కూడా రోజూ తడిగానే ఉంటున్నాయి. అరుగు మీద ఎవరైనా కూర్చుంటే తను లేవడు. లేస్తే ముందు వెనక్కి తడుముకుంటాడు. ఆదివారం వస్తే నడుం నొప్పి అంటాడు. డోలక్‌కి గుడ్డ కప్పేశాడు.

ఓ రోజు ఆయన మంచం కింద ఊడుస్తుంటే కవరు తగిలింది. అందులో నా చీరలు! అరచేతి వెడల్పున కత్తిరించి, పొరలు పొరలుగా మడిచి, చుట్టూ అంచు కుట్టి, పేర్చి పెట్టుకున్నాడు. కొన్ని తడివి, కొన్ని ఆరినవి. వాసన.

“ఇదేటి?” అన్నాను.

“ఎట్టేయ్ అక్కడ.”

“కారతంటే డాక్టరుకి సెప్పవేటి?”

“పూర్తిగా బాగైందని అందరిముందూ సెప్పేసినానే! ఇప్పుడు కారతందంటే నా సాక్ష్యం ఏటవుతాది? దేవుడి పేరుతో అబద్ధమాడినోడ్ని అయిపోతాను.”

“దేవుడికి తెలీదేటి నీ పంచె తడిసిందని? ఎవుల్ని దాస్తన్నావు?”

గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు తల గోడకేసి కొట్టాలనిపించింది. ఆయన తల.

అంతకన్నా పెద్ద తెలివితక్కువ పని ఇంకోటి చేస్తున్నాడని తర్వాత తెలిసింది. తాగితేనే కదా కారుతుందని నీళ్ళు మానేశాడు. గ్లాసు ఇస్తే పుక్కిలించి ఉమ్మేసేవాడు. టీ మాత్రం మానలేదు, అది నీళ్ళ లెక్కలోకి రాదట! మూత్రం ముదురు రంగులోకి తిరిగింది, మంట మొదలైంది. వణుకుతూ జ్వరం వచ్చి పడిపోయాడు. రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలిపోతోంది. ఆ వణుకు చూసి నిజంగా భయపడ్డాను. ఉన్న ఒక్క తోడూ సిగ్గుతో పోయేలా ఉన్నాడు.

సుగుణా నేనూ కలిసి విశాఖపట్నం తీసుకెళ్ళాం. డాక్టరుగారు “ఎలా ఉందండీ?” అని అడిగారు. జ్వరంతో కళ్ళు తేలేస్తూ మా అన్నయ్య ఏమన్నాడో తెలుసా? “దేవుడి దయవల్ల బాగానే ఉందండి.”

నా ఓపిక అక్కడితో అయిపోయింది. సంచిలోంచి ఆ కవరు తీసి బల్ల మీద పెట్టేశాను. “ఇదేనండి బాబూ, మా అన్నియ్య బాగానే ఉండడం! విప్పి సూడండి!” సుగుణ సిగ్గుతో ముఖం దాచుకుంది. డాక్టరుగారు మాత్రం ముక్కు కూడా మూసుకోలేదు. చేతికి తొడుగు వేసుకుని ఒకటి తిప్పి చూశారు. “కుట్టు బాగుంది. ఎవరు కుట్టారు?”

“నానేనండి” అన్నాడు మా అన్నయ్య, నేలని చూస్తూ.

“ఇంత శ్రమ పడే బదులు ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా పెద్దాయనా.”

యూరిన్ కల్చర్‌కి పంపారు. ఇన్ఫెక్షన్. వార్డులో పెట్టి యాంటీబయాటిక్ ఎక్కించారు. మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూసి, దారి బాగానే ఉందన్నారు. “ఆపరేషన్ ఫెయిల్ అవ్వలేదు. బ్లాడర్ ఇన్నాళ్ళూ కష్టపడి మొండికేసింది. సర్దుకోవాలి. నీళ్ళు పగలంతా కొంచెం కొంచెంగా తాగండి, టీ తగ్గించండి. పెల్విక్ ఫ్లోర్ ఎక్సర్‌సైజులు చేయండి” అన్నారు. మూత్రం ఆపుకునే కండరాన్ని బిగించి వదలడమే ఆ ఎక్సర్‌సైజు. అది మూత్రం పోసేటప్పుడు కాదు, ఖాళీగా కూర్చున్నప్పుడు చెయ్యాలట. అర్జెన్సీకి ఒక టాబ్లెట్ రాశారు.

ఇంటికొచ్చాక నేను కాపలా. వంటింట్లోంచే “బిగించినావా?” అని అరిచేదాన్ని. ప్యాంటు కొలతలు ఇవ్వడానికి వచ్చినాయన కంగారుపడి, “వద్దండి, నాకు వదులుగానే ఉంచండి” అన్నాడు.

తడి తగ్గుతూ వచ్చింది. చర్చికి మాత్రం కదలలేదు. అప్పుడు మా చర్చి పాస్టరు అయ్యగారే ఇంటికి వచ్చారు. అన్నయ్య తన సాక్ష్యం గొడవంతా చెప్పుకున్నాడు. అయ్యగారు విని, “ఏసేబూ, పెసంగం మజ్జిలో నాను పాటెందుకు పాడిత్తానో నీకు తెలుసా?” అన్నారు.

“ఆత్మ పేరేపణండి.”

“సుగరు! మీరు మూడు సరణాలు పాడితే నాకు ఎనక్కెల్లి రావడానికి సరిపోద్ది. నువ్వు రావడం మానేసినాక ఆళ్ళు పాట బేగి ముగించేత్తన్నారు. నా అవస్త నీకేం తెలుసు!”

అన్నయ్య నవ్వాడు. చాలా కాలం తర్వాత ఆ నవ్వు విన్నాను.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాడు. “ముందు నాను సెప్పినది అబద్ధం కాదండి. కాకపోతే సగమే సెప్పినాను. దారి తెరుసుకుంది, కారడం ఇంకా ఉన్నాది. మందు మింగుతున్నాను. పార్తన సెయ్యండి” అని కూర్చున్నాడు. చప్పట్లేమీ కొట్టలేదు. కానీ ఆ వారంలోనే ఇద్దరు పెద్దాయనలు బట్టలు కుట్టించుకునే వంకతో అరుగెక్కి, ఆయనతో గుసగుసలాడి వెళ్ళారు.

ఇప్పుడు ఎలా ఉన్నాడంటే, పూర్తిగా అని నేను అనను. దగ్గితే, బరువెత్తితే ఇప్పటికీ చుక్క పడుతుంది. పంచె లోపల గుడ్డ పెట్టుకుంటాడు, రోజూ ఉతికి ఎండలో ఆరేస్తాను, దండెం మీద అందరికీ కనబడేలా. డోలక్ పట్టుకుని గుమ్మం పక్కనే కూర్చుంటున్నాడు. పాట మధ్యలో లేచి వెళ్ళాల్సొస్తే వెళ్తాడు. ఆయన వచ్చేదాకా మేం చప్పట్లతో లాక్కొస్తాం.

చెకప్‌కి వెళ్ళేవాళ్ళకి నాదొక్కటే మాట. డాక్టరు ఎలా ఉందంటే ‘బాగానే ఉంది’ అనకండి. ఎన్నిసార్లు తడిసింది, ఎన్ని నీళ్ళు తాగారు, ఎక్కడికి వెళ్ళడం మానేశారు, అది చెప్పండి. నోరు రాకపోతే తడిగుడ్డలు కవర్లో పెట్టి పట్టుకెళ్ళండి. ఇంకా సిగ్గయితే ఇంట్లో నాలాంటి నోరున్న ఆడమనిషిని వెంటబెట్టుకెళ్ళండి.