మూరెడు దూరం

చల్లపల్లి బస్టాండులో బందరు బస్సు పూర్తిగా ఆగకముందే కండక్టరు తల బయట పెట్టి కేకేశాడు. "టీచరు గారూ, మన సోషియాలజీ మేష్టారు పోయారండీ. నిన్న సాయంత్రం, గుండె ఆగిపోయిందట." అతనూ ఆయన దగ్గర చదువుకున్నవాడే. నేను బడికి వెళ్తున్నాను. అయ్యో అనలేదు. "మామ్మగారు ఎలా ఉన్నారు?" అని అడిగాను. మామ్మగారంటే మేష్టారి తల్లి. ఆయనకు భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. "తెలీదండీ" అన్నాడు కండక్టరు, విజిలేసి వెళ్ళిపోయాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ సామెతని మేష్టారే ఒకసారి క్లాసులో బల్ల గుద్ది మరీ వివరించారు. బతికున్నన్నాళ్ళూ మనిషిని కాల్చుకుతిని, పోయాక ఆకాశానికెత్తడం సంఘానికి చవకగా దొరికే ప్రాయశ్చిత్తమట. అందుకని ఆయన కళ్ళు ఎంతున్నాయో అంతే రాస్తాను. చిన్న కళ్ళు. సోడాబుడ్డి అద్దాల వెనక ఇంకా చిన్నగా కనిపించేవి. ఆయన మీద నాకున్న కోపం ఆయనతో పాటు కాలిపోలేదు. పొగడ్తల కోసం చదివేవాళ్ళు ఇక్కడితో ఆపెయ్యొచ్చు.

నేను దివిసీమ పిల్లని. అవనిగడ్డ దాటాక, ఊరి బయట, చర్చి ఉన్న పేట మాది. మా నాన్న కూలికెళ్ళేవాడు, ఆదివారం చర్చి గంట కొట్టేవాడు. నేను బందరు కాలేజీలో చేరేసరికి సోషియాలజీ అంటే ఏమిటో నాకే కాదు, కాలేజీకే సరిగ్గా తెలీదు. కొత్తగా వచ్చిన పేపరు. ఎకనామిక్స్ వాళ్ళు మాకొద్దంటే ఈయన నెత్తిన పడింది. ఆ పేరు విని, సోషలిజం నేర్పుతున్నారనుకుని ఇద్దరు ముగ్గురు తండ్రులు పిల్లల్ని ఆ క్లాసు మాన్పించేశారు కూడా.

మొదటి రోజు ఆయన పుస్తకం తెరవలేదు. "సంఘం అంటే ఏమిటి?" అన్నారు.

"మనుషుల గుంపండీ" అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

"గుంపు సంతలోనూ ఉంటుంది. సంఘం అంటే మనుషులు కాదయ్యా. మనిషికీ మనిషికీ మధ్య ఉండే ఎడం. ఎవరి పక్కన ఎవరు కూచోవచ్చు, ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగొచ్చు. ఇది ఎక్కడా రాసి పెట్టలేదు, అయినా తెలీనివాడు లేడు. దాన్ని కట్టుబాటంటారు. ఊరికే చూస్తే కనపడదు. దాటి చూడు, తగుల్తుంది."

ఆ వారం మమ్మల్ని గుడివాడ పాసింజరెక్కమన్నారు. మేమెవరమో మేముగా చెప్పకూడదు, పక్కవాళ్ళు ఎలా కనుక్కుంటారో చూసి రావాలి. అదే మా మొదటి పాఠం. మా వైపు కులం ఎవరూ మొహం మీద అడగరు. చుట్టూ తిరిగి వస్తారు. ఏ ఊరండీ అంటారు, ఊళ్ళో ఎక్కడ అంటారు, ఇంటిపేరేమిటంటారు, ఫలానా వారు మీకేమవుతారంటారు. నా పక్కన వంకాయల బుట్టతో కూచున్న పెద్దావిడ ఎంతో ఆప్యాయంగా మొదలుపెట్టింది. "ఊళ్ళో ఎక్కడమ్మా?" అన్నప్పుడు, "చర్చి పక్కన" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. బుట్టని తన వైపుకి జరుపుకుంది.

క్లాసులో లేచి నిలబడి ఇది చెప్పాను. మేష్టారు అడిగిందేమిటో తెలుసా? "బుట్ట ఎంత జరిగింది?"

"మూరెడండీ."

"రాసుకోండి. సామాజిక దూరం, మూరెడు."

క్లాసంతా నవ్వింది. నేను ఆ రోజు అన్నం తినలేదు. ఆయనకి అది దూరం, నాకు అవమానం. ఆ రెంటికీ తేడా ఆయన ఏ పాఠంలోనూ చెప్పలేదు. కానీ అబద్ధమెందుకు, అప్పటిదాకా నా కడుపులో పేరు లేకుండా మండుతున్నదానికి ఒక పేరు పెట్టింది కూడా ఆ మనిషే. పేరు తెలిశాక దాన్ని తిట్టడం సులువైంది. అందుకు రుణపడి ఉన్నాను, నాకు నచ్చకపోయినా సరే.

ఆయన చెప్పిన పాఠాల్లో ఒకటి మాత్రం ఎవరం మర్చిపోలేదు. హోదా అన్నది ఒంటికి పుట్టుకతో అంటుకున్న రంగు కాదు, నలుగురూ కలిసి పెట్టేదీ తీసేదీ అని చెప్తూ, తన ఇంటినే ఉదాహరణగా తీసుకున్నారు. "మా ఇళ్ళల్లో చావొస్తే పది రోజులు మైల. ఆ పది రోజులూ మేమూ అంటరానివాళ్ళమే. మమ్మల్ని ఎవరూ ముట్టుకోరు, మా నీళ్ళు తాగరు. పదకొండో రోజు తలమీద నీళ్ళు పోసుకుని మళ్ళీ మా మెట్టు మేమెక్కి కూచుంటాం. ఊరి బయట వాళ్ళకి ఆ పదకొండో రోజే రాదు." అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మూడో ఏడు, నన్ను ఇంట్లో ఉంచుకున్న చుట్టాలకి బదిలీ అయింది. గది వెతుక్కోవాల్సి వచ్చింది. మేష్టారు పిలిచి, "ఎవరమ్మాయివని అడిగితే చెప్పకు. ఎందుకు చెప్పాలని అడుగు. ఏమంటారో వచ్చి నాకు చెప్పు" అన్నారు. చిన్నదాన్ని, నమ్మాను. బచ్చుపేటలో అడిగాను, ఇంగ్లీషుపాలెంలో అడిగాను. "గదైతే ఉందమ్మా, మా తమ్ముడొస్తాడేమో" అన్నవాళ్ళే అందరూ. బందరులో ఇంతమందికి తమ్ముళ్ళున్నారని అప్పుడే తెలిసింది. చివరికి స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడి అరిచేశాను. "మేష్టారూ, మీకు పాఠం దొరికింది. నాకు గది దొరకలేదు."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది. పెట్టె తెచ్చుకో" అన్నారు.

పెట్టెతో వెళ్ళేసరికి మామ్మగారు నూతి దగ్గర తడిబట్టతో నిలబడి ఉన్నారు. మడి కట్టుకునే మనిషి. నన్ను ఎగాదిగా చూసి, "ఎవరమ్మాయిరా?" అన్నారు. చెప్పొద్దని ఊరంతా నన్ను తిప్పిన మనిషి, తన తల్లి ముందు తడుముకోకుండా, "మనవాళ్ళమ్మాయేనమ్మా, అవనిగడ్డ వైపు" అన్నారు.

పచ్చి అబద్ధం. అయినా ఊరుకున్నాను. ఉండడానికి చోటు కావాలి. దానికి నేను ఈ రోజుకీ సిగ్గుపడను. సిగ్గుపడాల్సింది ఆయన.

నా పేరు కరుణ. ఏ దేవుడికైనా పనికొచ్చే పేరు. ఆ పేరు చాటున నెలల తరబడి ఉన్నాను. మామ్మగారు, "బోసి మొహమేమిటే, వెధవ ఫ్యాషను" అని, చనిపోయిన కోడలి కుంకుమ భరిణె నా ముందు పెట్టేవారు. ఆవిడ చూస్తుండగా పెట్టుకుని, వీధి చివర తుడుచుకునేదాన్ని. ఆదివారం చర్చికి వెళ్తూ లైబ్రరీకి అని చెప్పేదాన్ని. "ఆదివారం కూడా ఏం చదువే తల్లీ, కళ్ళు పోతాయి" అనేవారు. కందిపచ్చడిలో కారం తనకి పడదంటూనే నా కోసం ఎక్కువ వేసి విడిగా నూరేవారు. మా అమ్మ కూడా నన్నంత ముద్దు చెయ్యలేదు. ఆ ముద్దు ఎవరికో చెందింది, నాకు కాదు అనుకుంటూ తినేదాన్ని. మేష్టారు పేపరు అడ్డం పెట్టుకుని అంతా చూస్తూ ఉండేవారు.

ఒకరోజు మామ్మగారు నా పక్కన చతికిలబడి, కూచిపూడిలో తన అన్నగారి మనవడున్నాడని, స్కూల్లో ఉద్యోగమని, నా గోత్రం చెప్తే కబురు పెడతానని అన్నారు. నేను మేష్టారి వైపు చూశాను. ఆయన పేపరు దించకుండా, "చూద్దాంలేమ్మా" అన్నారు.

ఇక నావల్ల కాలేదు. "మామ్మగారూ, నేను మీవాళ్ళమ్మాయిని కాను. మాది ఊరి బయట పేట. మేము క్రైస్తవులం" అని చెప్పేశాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. లేచి వెళ్ళి, పొద్దున నేను తోడి పెట్టిన మంచినీళ్ళ బిందె ఎత్తి పెరట్లో కుమ్మరించారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "పసిపిల్లని అబద్ధంలో కూచోబెట్టావురా" అన్నారు.

మేష్టారు అప్పుడు పేపరు దించారు. కళ్ళు మెరుస్తున్నాయి. "ఇన్నాళ్ళూ దాని చేతి నీళ్ళు తాగావు కదమ్మా. నీకేమైనా అయిందా?" అన్నారు.

లెక్క తేలినట్టు సంతోషించాడా మనిషి! అక్కడ తల్లి ఏడుస్తోంది, ఇక్కడ నేను పెట్టె సర్దుకుంటున్నాను. గేటు దాకా నా వెనకే వచ్చారు, ఏదో వివరించబోయారు. "మేష్టారూ, మీరు ప్రయోగం చేసింది మీ అమ్మగారి మీద, నా మీద. మీ మీద కాదు" అన్నాను. ఆయన్ని గేటు దగ్గరే వదిలి, పెట్టె మోసుకుంటూ వచ్చేశాను.

పరీక్షలయ్యాయి, పాసయ్యాను, చల్లపల్లి బళ్ళో ఉద్యోగం వచ్చింది. ఆయనకి కబురు చెయ్యలేదు. కొన్నేళ్ళకి ఒక ఎండాకాలం మధ్యాహ్నం గొడుగేసుకుని మా ఇంటికొచ్చారు. కూచోమనకుండానే కూచున్నారు. కాఫీ ఇస్తే తాగి, "బాగాలేదు" అన్నారు. గ్లాసు కింద పెట్టి, "నీ ఇంట్లో కాఫీ తాగుతానని అమ్మకి ముందే చెప్పి వచ్చాను" అన్నారు.

"ఏమన్నారు?"

"స్నానం చేసి లోపలికి రమ్మంది."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత ఏటా వచ్చేవారు, ఏటా కాఫీ బాగాలేదనేవారు, వెళ్ళి స్నానం చేసేవారు. క్షమించమని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

పోయిన మూడో రోజు కాలేజీలో సంతాప సభ. ఒకాయన లేచి, మేష్టారు కులం చూడని మహానుభావుడన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన చూసినంతగా కులాన్ని ఈ జిల్లాలో ఎవరూ చూడలేదు. చూడనివాళ్ళు ఎవరంటే వేదిక మీద కూచున్నవాళ్ళు, ఆయన సోషియాలజీ పేపరు ఎత్తేయాలని ఏటా అర్జీలు పెట్టినవాళ్ళు. సగంలో లేచి ఆయన ఇంటికి వెళ్ళాను.

వీధి అరుగు మీద మేష్టారి పినతండ్రి కొడుకు అడ్డం నిలబడ్డాడు. "ఎవరమ్మా మీరు? ఏ ఊరు? ఊళ్ళో ఎక్కడ?" పాఠం అక్షరం పొల్లుపోలేదు. చెప్పాను. అతను గుమ్మం వదిలి పక్కకి తప్పుకున్నాడు, దారివ్వడానికి కాదు, తగలకుండా ఉండడానికి.

మామ్మగారు వెనక వసారాలో చాప మీద ఒక్కరే కూచుని ఉన్నారు. మైల కదా, పలకరించడానికొచ్చినవాళ్ళు వాకిట్లోనే నిలబడి మాట్లాడి వెళ్తున్నారు. నేనూ అలవాటు కొద్దీ దూరంగానే ఆగాను.

"అక్కడే నిలబడ్డావేం? ఇప్పుడు నేనూ అంటరానిదాన్నే" అన్నారు. "ఇలా రా."

వెళ్ళి పక్కన కూచున్నాను. నా మోకాలి మీద చెయ్యి వేశారు. ఎండిపోయిన చెయ్యి. కొడుకు గురించి ఏడ్చారు, నేనూ ఏడ్చాను. కానీ నా కోపం నన్ను ఊరుకోనివ్వలేదు. "పదకొండో రోజు స్నానం చేస్తారు కదా మామ్మగారూ" అన్నాను.

ఆవిడకి అర్థమైంది. చెయ్యి తీసేశారు. తల వంచుకుని చాప అంచు లాగుతూ కూచున్నారు. నేను లేచి గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అన్నారు. "చేశాక రా. స్నానం చేశాకే రా."

శుద్ధి అయిన మర్నాడు వెళ్ళాను. మామ్మగారు మడిబట్టతో నూతి దగ్గర ఉన్నారు, మొదటి రోజు లాగే. చుట్టాలు వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నారు. ఆవిడ చేదతో నీళ్ళు తోడి చెంబులో పోసి తెచ్చారు. మా ఇద్దరి మధ్య అరుగు మీద పెట్టబోయి, సగంలో ఆగిపోయారు. నడుం అలాగే వంగి ఉంది, చెంబు గాల్లోనే ఉంది. నేను చెయ్యి చాపలేదు. నేనెందుకు చాపాలి? మేష్టారుంటే ఎంత దూరమని అడిగేవారు.

ఆవిడ నడుం ఎత్తారు. చెంబు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"అత్తయ్యా, మడి!" అని లోపల్నుంచి ఎవరో కేకేశారు.

"మళ్ళీ పోసుకుంటాలేవే" అన్నారు మామ్మగారు, నా మొహంలోకి చూస్తూ.

ఆ మాటకి నాకు మళ్ళీ కోపం వచ్చింది. కానీ చెంబు వదల్లేదు. ఆవిడా వదల్లేదు. ఆ వేళ్ళు నా వేళ్ళ మీదే ఉన్నాయి, నీళ్ళు తొణికి ఇద్దరి చేతుల మీంచీ కారుతున్నాయి.